తొమ్మిది రెట్ల వేగం

ఆఫీసులో వెనకాల అందరూ ఆమెను మూతివిరుపు మేడం అనేవారు. ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం ఉత్త మేడం అని ఊరుకునేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు కలిసి ఇంతకంటే మంచి పేరు పెట్టలేకపోయారా అని, ఆ పేరుకి కూడా మూతి విరిచింది.

ఆమె నాన్న ఒక సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపేవాడు. చిన్నప్పుడు బడి వదలగానే నేరుగా ఆ గదికే వెళ్ళి, రీలు డబ్బాల పక్కన పీట మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. గోడకి ఉన్న చిన్న కంతలోంచి చూస్తే బొమ్మ కంటే జనమే బాగా కనిపించేవారు. హీరో జుట్టు సర్దుకుంటే ఈలలు, తలుపు తోసుకుని లోపలికొస్తే చప్పట్లు. మరుసటి వారానికి అదే హాల్లో కుర్చీలు ఖాళీ. చప్పట్లకీ సరుకుకీ చుట్టరికం లేదని ఆమె అప్పుడే కనిపెట్టింది. తర్వాత కాలేజీలో గణాంకశాస్త్రం చదివింది గానీ, అందులో కొత్తగా తెలిసింది పెద్దగా ఏమీ లేదనేది.

ఆమె పనిచేసే కంపెనీ ఒక చిన్న ప్రోగ్రామింగు భాషకి ఇంటర్‌ప్రెటరు తయారుచేస్తుంది. అంటే ఎవరో రాసిన ప్రోగ్రామును ఒక్కో వాక్యంగా చదువుతూ, అప్పటికప్పుడు యంత్రం చేత పని చేయించే సాఫ్ట్‌వేరు. బస్సు టికెట్ల మిషన్లలో, ఆసుపత్రి ల్యాబుల్లో, గోదాముల్లో సరుకు లెక్కపెట్టే చేతి యంత్రాల్లో కనపడకుండా పడుండే భాష అది. టైర్ల దుకాణం మీద రెండు గదుల్లో కంపెనీ మొదలైనప్పటి నుంచీ ఆమె అక్కడే ఉంది. ఇప్పుడు కంపెనీ ఆ మేడ మొత్తం ఆక్రమించింది. గదులు పెరిగాయి, అద్దాల తలుపులు వచ్చాయి. కింది నుంచి వచ్చే రబ్బరు వాసన మాత్రం అన్ని అంతస్తులకీ సమానంగా అందుతోంది.

ఆ ఏడాది కొత్త డైరెక్టరు వచ్చాడు. ఏ మాట చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే, "ఎన్ని రెట్లు?" అని. కాఫీ మిషను మార్చామంటే ఎన్ని రెట్లు, సెలవులు తగ్గించామంటే ఎన్ని రెట్లు. వారం తిరక్కుండానే రెట్లాయన అనే పేరు స్థిరపడిపోయింది. ఆయన వచ్చే నాటికి, ఇంటర్‌ప్రెటరు లోపల ఉండి ప్రోగ్రాముల్ని నడిపే కొత్త ఇంజను ఒకటి తయారవుతోంది. దాన్ని రాస్తున్నవాడికి జెట్ అని పేరు. నలభై ఏళ్ళ మనిషి, మాట్లాడేటప్పుడు వాక్యం పూర్తిచేసే ఓపిక ఉండదు. పాత ఇంజను ఎన్నిసార్లయినా ప్రోగ్రామును మొదట్నుంచి చదువుకుంటూ పోతుంది. కొత్తది అలా కాదు. ఒకే పని పదే పదే వస్తుంటే గమనించి, ఆ ముక్కను నేరుగా యంత్ర భాషలోకి మార్చేసుకుని, అక్కడి నుంచి పరుగు తీస్తుంది. తెలివైన పని. అది తెలివైనదని మూతివిరుపు మేడం కూడా ఒప్పుకుంది, ఆ మాటని జెట్ చెవిన పడనివ్వలేదు గానీ.

కొత్త ఇంజను ఎంత వేగమో లోకానికి చెప్పాలి. చెప్పాలంటే కొలవాలి. కొలవడానికి కొన్ని ప్రోగ్రాములు ఎంచుకుని, పాత ఇంజను మీదా కొత్త ఇంజను మీదా నడిపి చూడాలి. ఆ ప్రోగ్రాముల గుంపునే బెంచ్‌మార్క్ సూట్ అంటారు. ఏ ప్రోగ్రాములు పెట్టాలో తేల్చడానికి రెట్లాయన ఒక కమిటీ వేశాడు. అందులో ఆయన, జెట్, బయటి నుంచి పిలిపించిన ఒక నిపుణుడు, పైన మేడం. ఆమెను అధ్యక్షురాలిగా పెట్టడానికి కారణం ఉంది. ఆమె సంతకం ఉంటే, ఎవరినీ మెచ్చుకోని మనిషే మెచ్చుకుందని చెప్పుకోవచ్చు.

మొదటి సమావేశంలో నిపుణుడు తన మూట విప్పాడు. ఫిబొనాచీ సంఖ్యలు, ప్రధాన సంఖ్యలు, గుణకారాల పట్టికలు, చదరంగం బల్ల మీద ఒకదాన్నొకటి చంపుకోకుండా ఎనిమిది రాణుల్ని నిలబెట్టే పజిలు, రంగురంగుల గణిత చిత్రమొకటి.

"ఇవే ఎందుకండీ?" అని అడిగింది మేడం.

"అందరూ ఇవే వాడతారు మేడం."

"అందరూ ఎందుకు వాడతారు?"

"అందరూ వాడతారు కాబట్టి పోల్చుకోవడానికి వీలుగా ఉంటుందని."

"మన టికెట్ మిషన్లో రాణులెక్కడైనా బస్సెక్కాయా?" అంది. నిపుణుడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ రోజే వాటిని నడిపి చూశారు. పట్టికలో ఒక గుణకారాల ప్రోగ్రాము దగ్గర కొత్త ఇంజను అరవై రెట్లు వేగమని వచ్చింది. రెట్లాయన కుర్చీలోంచి సగం లేచాడు. జెట్ వినయం నటించడానికి కిటికీలోంచి బయటికి చూశాడు. మేడం మాత్రం ఆ ప్రోగ్రామును తెరిచి చదివింది. లక్షల సార్లు గుణించి, వచ్చిన జవాబును ఎవరికీ చూపించకుండా పారేస్తోంది అది. జవాబు ఎవరికీ అక్కర్లేదని కొత్త ఇంజను పసిగట్టి, అసలు గుణించడమే మానేసింది.

"ఇది పని చేసి ముగించలేదు సార్, పని ఎగ్గొట్టి ముగించింది," అంది. "ఆ విద్య మా ఆయనకీ వచ్చు. దానికి ఇంజను అక్కర్లేదు."

"కానీ అంకె నిజమే కదా?" అన్నాడు రెట్లాయన.

ఆమె ఫైలు మూసేసి, అధ్యక్షురాలి హోదాలో సమావేశం కూడా మూసేసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని కమిటీలో ఎవరికీ తట్టలేదు. ఆ భాష వాడే చోట్లకి స్వయంగా వెళ్ళింది. బస్ డిపోలో, కిటికీ వెనక స్టూలు మీద కూర్చుని పొద్దున్నంతా టికెట్లు కొట్టడం చూసింది. ప్రయాణికుడు ఊరి పేరు చెప్తాడు, గుమాస్తా మీట నొక్కుతాడు, ప్రోగ్రాము లేస్తుంది, ఛార్జీల ఫైల్లో ఒక వరస చదువుతుంది, ముక్కలు చేస్తుంది, ధర వెతుకుతుంది, కాగితం మీద కొడుతుంది, చచ్చిపోతుంది. ఇంకో ప్రయాణికుడికి మళ్ళీ పుడుతుంది. ఏ పనీ రెండోసారి చేసే దాకా బతకదు. ఇక వేడెక్కేదెప్పుడు, పరుగెత్తేదెప్పుడు?

జెట్ తన కొలతల్లో మొదటి కొన్ని పరుగుల్ని లెక్కలోంచి తీసేసేవాడు. ఇంజను వేడెక్కడానికి ఆ మాత్రం వదలాలని ఆయన వాదన. ఆయన వదిలేసిన ఆ మొదటి పరుగే డిపోలో జరిగే పనంతా. పైగా ఆయన కొలిచింది తన బల్ల కింద చల్లటి గాలి ఊదించుకుంటూ కూర్చున్న భారీ యంత్రం మీద. డిపోలో ఉన్నది అరచేతిలో పట్టే డబ్బా, ఎండలో కాలిపోతూ.

ఆసుపత్రి ల్యాబులో ఇంకోలా ఉంది. అక్కడ రక్త పరీక్షల యంత్రం ఇచ్చే అంకెల్ని ఈ భాషలో రాసిన ప్రోగ్రాము ఒక్కొక్కటే అతికించి రిపోర్టు తయారుచేస్తుంది. టెక్నీషియను, కాస్త లావుపాటి ఆవిడ, మీట నొక్కి చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఇంతసేపా?" అంది మేడం.

"చిన్న రిపోర్టయితే పర్లేదమ్మా. పెద్దదయితే ఇలాగే. ఇది రాసినవాళ్ళెవరో గానీ ఈ కుర్చీలో ఒక్క పూట కూర్చుని ఉండరు."

"ఎందుకు కూర్చుంటారు, వాళ్ళకి ఏసీ గదులుంటే," అంది మేడం మనస్ఫూర్తిగా. ఇద్దరూ కలిసి ఆ రాసినవాణ్ణి కాసేపు తిట్టుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆమెకు ఒక మనిషితో మాట్లాడటం హాయిగా అనిపించింది.

అలా తిరిగి తిరిగి, నిజంగా రోజూ నడిచే ప్రోగ్రాముల్ని పోగేసింది. టికెట్ది, రిపోర్టుది, గోదాము సరుకుది, కరెంటు బిల్లుది. ఆఫీసుకు తెచ్చి అవి నడిచే చిన్న యంత్రాల మీదే కొలిచింది. చాలావాటిలో కొత్త ఇంజను పాతదాని కంటే నెమ్మది. కొన్నింట్లో సమానం. గోదాములో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగకుండా నడిచే ఒక్కదాంట్లో మాత్రం బాగా ముందుంది. అంకెలు చూసుకుంటే ఆమెకు పండగలా ఉంది. రెట్లాయన మొహం ఎలా మాడిపోతుందో ముందే ఊహించుకుంటూ, ల్యాబు రిపోర్టు ప్రోగ్రాములో సమయమంతా ఎక్కడ పోతోందో చూద్దామని లోపలికి దిగింది.

అంతా ఒక్క చోటే పోతోంది. ఒక మాటకి ఇంకో మాట అతికించే చోట. కొత్త ముక్క వచ్చిన ప్రతిసారీ, అప్పటిదాకా అతికించిందంతా మళ్ళీ మొదటి నుంచి కాపీ చేస్తోంది. రిపోర్టు పెరిగే కొద్దీ పని కొండలా పెరుగుతోంది. అతికించే ఆ ముక్క ల్యాబు ప్రోగ్రాములోది కాదు, రెండు ఇంజన్లూ వాడుకునే ఇంటర్‌ప్రెటరు లోపలిది. ఎవడి నిర్వాకం ఇది అని దాన్ని తెరిచింది. పైన రాసినవారి పేరుంది. ఆమె పేరే. కింద ఆమె చేత్తోనే, కంపెనీకి రెండు గదులున్న రోజుల్లో రాసిన వ్యాఖ్య: "ఇంతకంటే వేగంగా రాయడం సాధ్యం కాదు. దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు."

ఎవరూ ముట్టుకోలేదు. అంత భయపెట్టి ఉంచింది అందర్నీ.

ల్యాబులో టెక్నీషియనుతో కలిసి తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో ఒకటి రెండు తన సొంత కల్పన కూడాను.

ఆ విషయం తనలోనే దాచుకుందామంటే కుదరలేదు. అంకెలు కమిటీలో అందరికీ కనపడతాయి. జెట్‌కి అర్థం కావడానికి పూట పట్టలేదు, జెట్‌కి తెలిస్తే రెట్లాయనకి తెలిసినట్టే. ఆయన ఆమెను గదికి పిలిచి, తలుపు తనే వేసి, కుర్చీ తనే జరిపాడు. ఆయన ఇంత మర్యాద చేయడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మేడం, ఆ ఆసుపత్రి ప్రోగ్రాము మరీ ప్రత్యేకమైనది కదా. అందరికీ వర్తించదు. తీసేద్దాం."

"మరి డిపోది?"

"అదీ అంతే. చిన్న ప్రోగ్రాము, ఒక్క క్షణంలో అయిపోయేది. కొలవడానికేముంది అందులో? రెండూ తీసేసి, నిపుణుడు తెచ్చినవి నాలుగు కలుపుదాం. మీరు సంతకం పెడతారు. మీ పాత కోడు గురించి ఎవరూ ఎత్తరు. ఇన్నేళ్ళ పేరు మీది, నాకు గౌరవం ఉంది."

బెదిరింపుని గౌరవంలో చుట్టి ఇచ్చే విద్య ఆయనకి బాగా అబ్బింది. ఆమె ఆలోచించి చెప్తానని వచ్చేసింది. వెంటనే కాదననందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఇంట్లో ఆమె భర్త డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో లైసెన్సు రానివాడు లేడని బోర్డు పెట్టుకున్నాడు. పరీక్ష మైదానంలో గీసిన ఎనిమిది ఆకారం గీతల మీద శిష్యుల చేత నెల పొడుగునా అదే ఎనిమిది తిప్పిస్తాడు. ఆ గీతల అవతల ఏముందో వాళ్ళకీ తెలియదు, ఆయనా చెప్పడు. భోజనాల దగ్గర ఆమె సంగతంతా చెప్పింది.

"తీసేస్తే పోలా," అన్నాడాయన పళ్ళెంలోంచి తలెత్తకుండా.

"అవునండీ, మీరు అదే అంటారు. మీ శిష్యుడొకడు నిన్న మన వీధి మలుపులో కారుని గోడకెక్కించాడు."

"వాడికి లైసెన్సు కావాలన్నాడు, ఇప్పించాను. డ్రైవింగు కావాలని అడగలేదు."

ఆమె గిన్నెలు సర్దుతూ గమనించుకుంటే, సాయంత్రం నుంచీ తన బుర్ర చేస్తున్న పనేమిటో తెలిసింది. ఆసుపత్రి ప్రోగ్రామును ఎందుకు తీసేయొచ్చో కారణాలు వెతుకుతోంది. పెద్ద రిపోర్టులు రోజూ రావు. ఆ ప్రోగ్రాము రాసిన తీరు కూడా బాగాలేదు. మిగతా కంపెనీలు ఇలాంటివి కొలవవు. కారణాలు చక్కగానే కుదురుతున్నాయి. వాటిని చెప్తున్న గొంతు మాత్రం అచ్చం ఆ నిపుణుడిలా ఉంది. అది తెలిశాక ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి మీదనో చూస్తే తన మీదే.

మర్నాటి సమావేశంలో ఆమె సూట్ ముందు పెట్టింది. అన్నిటికంటే పైన ఆసుపత్రి రిపోర్టు.

"ఇది ఇంత నెమ్మదిగా ఉండటానికి కారణం నేను రాసిన కోడు," అంది, ఎవరూ అడగకముందే. "అందులోని వ్యాఖ్య కూడా నాదే, చదవాలనిపిస్తే చదువుకోండి, నవ్వొస్తుంది. ఇది సూట్‌లో ఉంటుంది. డిపోది కూడా ఉంటుంది, మొదటి పరుగుతో సహా. అన్నీ కలిపి సగటు తీసి ఒక్క అంకె చెప్పమంటే నేను చెప్పను. ఒక్కో పనికి ఒక్కో అంకె."

జెట్ వ్యాఖ్య చదివాడు. నవ్వలేదు. రెట్లాయన మాత్రం చాలా ప్రేమగా నవ్వాడు.

"అద్భుతం మేడం. దీన్ని లోపలి వాడకానికి పెట్టుకుందాం. బయటికి వేరే సూట్ చూసుకుంటాం."

అలాగే చూసుకున్నారు. పని ఎగ్గొట్టిన గుణకారాన్ని కూడా వదల్లేదు. అన్నిటినీ కలిపి సగటు తీస్తే తొమ్మిది రెట్లు తేలింది. విడుదల సభకి పెద్ద హాలు, వేదిక, నల్ల తెర మీద మనిషంత ఎత్తున తొమ్మిది. సంతకం పెట్టని అధ్యక్షురాలు చివరి వరసలో కూర్చుని చప్పట్లు వింది. నిపుణుడు మైకు పట్టుకుని, ఈ కొలతలు పరిశ్రమ ఒప్పుకున్నవని చెప్పాడు. ఆ పరిశ్రమ ఎక్కడుందో, ఎప్పుడు ఒప్పుకుందో ఎవరూ అడగలేదు. అందరి చేతులూ చప్పట్లలో ఉన్నాయి మరి.

కొత్త ఇంజను డిపోకి వెళ్ళింది. మొదటి రోజే కిటికీ ముందు వరస రోడ్డు దాకా పాకింది. ఊరి పేరు చెప్పి, మీట నొక్కాక, డబ్బా కాసేపు ఆలోచించుకుని గానీ టికెట్ ఇవ్వడం లేదు. బస్సులు కదిలిపోతుంటే జనం గుమాస్తా మీద పడ్డారు. డిపో మేనేజరు మిషన్లన్నీ గోనె సంచుల్లో వేయించి తిప్పి పంపించాడు. తొమ్మిది రెట్ల వేగం మెట్ల కింద సంచుల్లో మూడు వారాలు పడుంది. వచ్చేపోయేవాళ్ళు దాన్ని దాటుకుంటూ నడిచారు.

రెట్లాయనకి ఏమైందంటే, ఏమీ కాలేదు. ఆ వేదిక చూసిన ఇంకో పెద్ద కంపెనీ ఆయన్ని పెద్ద కుర్చీలోకి పిలుచుకుంది. వెళ్తూ వెళ్తూ ఆ సూట్ కూడా వెంట తీసుకెళ్ళాడు. అక్కడి ఇంజను దాని మీద పదకొండు రెట్లు తేలిందట. అది చూసి మూడో కంపెనీ వాడింది, వాళ్ళకీ బాగానే తేలింది. ఎవరు ఎక్కినా ఎక్కువే చూపించే తూకం దొరికాక వదులుకునేదెవరు? ఇప్పుడు నిజంగానే అందరూ వాడుతున్నారు దాన్ని. నిపుణుడి మాట ఆలస్యంగానైనా నిజమయింది.

సంచులు వచ్చిన వారం, జెట్ అందులోంచి ఒక టికెట్ డబ్బా తీసుకుని మేడం బల్ల దగ్గరికి వచ్చాడు. కూర్చోమని ఆమె అనలేదు. ఆయనే కూర్చున్నాడు.

"నేను డిపోకి వెళ్ళొచ్చాను మేడం," అన్నాడు. "నన్ను ఒకాయన గొడుగుతో పొడిచాడు."

"పొడవడా మరి."

"లేచేటప్పుడే ఇంజను మొత్తం లోడవుతోంది. అవసరం పడేదాకా యంత్ర భాషలోకి మార్చే భాగం లోడవకుండా ఆపితే..." ఆయన ఎప్పటిలాగే వాక్యం సగంలో వదిలేశాడు.

"పూర్తిగా చెప్పు," అంది ఆమె.

ఆయన చెప్పాడు. ఆమె విన్నది. వినడం అయ్యాక, తన అతికింపు కోడు తెరిచి, వ్యాఖ్య చెరిపేసి, ఆయన వైపు తిప్పింది. "నువ్వయితే ఎలా రాస్తావు దీన్ని?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. ముక్కల్ని పక్కన పోగేసి ఉంచి, చివర్లో ఒక్కసారే అతికించాలని ఆయన అన్నాడు. ఆ మాట వినగానే అది ఎంత తేలికో ఆమెకు కనపడింది. కనపడ్డందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండూ మానేసి పనిలో పడింది.

నెలలు పట్టింది. చివరికి టికెట్ పాత ఇంజను కంటే కొంచెం ముందు వస్తోంది. రిపోర్టు చాలా ముందు వస్తోంది. గోదాములో పరుగు అలాగే ఉంది. వేదికా లేదు, తెరా లేదు. డిపో మేనేజరు మిషన్లు తిరిగి తీసుకున్నాడు, తీసుకుంటూ రెండు మాటలు కూడా అన్నాడు.

కొత్త డైరెక్టరుగా వచ్చినావిడ, మేడం తయారుచేసిన సూట్‌ను పెద్దది చేయమంది. ఖాతాదారులందరికీ మీ ప్రోగ్రాములు పంపండని కబురు వెళ్ళింది. వచ్చినవి చూసి మేడం తల పట్టుకుంది. ఒక్కొక్కటీ పెళ్ళిచూపులకి ముస్తాబైనట్టుంది. చక్కటి పేర్లు, శుభ్రమైన వరసలు, ఎక్కడా అతుకు లేదు. ఏదీ ఏ యంత్రం మీదా రోజూ నడిచేది కాదు, కమిటీ చూస్తుందని తెలిసి కొత్తగా కుట్టించినవి. లోకంలో అందరికీ రెట్లాయన జబ్బే ఉందని, ఆయనకి జీతం ఎక్కువ కాబట్టి బయటపడిందని ఆమె జెట్‌తో అంది. వచ్చినవాటిలో చాలా భాగం ఒకే జవాబుతో తిప్పి పంపింది: "ఇది చూపించడానికి రాసింది. రోజూ వాడేది పంపండి."

కొందరు అలిగారు. కొందరు ఉలకలేదు, పలకలేదు. నీళ్ళ సరఫరా ఆఫీసు నుంచి ఒకాయన మాత్రం, ఏళ్ళ తరబడి పదిమంది చేతులు మారి, ఎవరికీ పూర్తిగా అర్థం కాని ఒక పొడుగాటి ప్రోగ్రాము పంపించి ఫోన్ చేశాడు.

"ఇది పంపడానికి నాకు చాలా సిగ్గుగా ఉందండీ. మా బిల్లులన్నీ దీని మీదే నడుస్తాయి. లోపల ఏముందో మాకే తెలియదు."

ఆమె అప్పటికే దాన్ని తెరిచి చూస్తోంది. వాడని ముక్కలు, రెండుసార్లు చేసే పనులు, ఎవరో కోపంలో రాసిపెట్టిన వ్యాఖ్యలు.

"చాలా ఘోరంగా ఉందండీ," అంది. "దీన్నే పెడతాం."